మూతి మెత్తబడేదాకా

నర్సింగులో చేరిన పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు మొదట అడిగేది ఒకటే: పరీక్షలో ఏమొస్తుందని. నేను రిటైరై చాలా ఏళ్ళయింది. పరీక్షలో ఏమొస్తుందో నాకు తెలియదు. ప్రసూతి గదిలో ఏమొస్తుందో కొంత తెలుసు. ఇది దాని గురించి.

నేను తెనాలి అమ్మాయిని. గుంటూరులో నర్సింగు చదివాను. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడ్డ మరుసటి ఏడు మా వారికి హైదరాబాదు బదిలీ అయితే ఆయనతో పాటు వచ్చాను. నాంపల్లి స్టేషను నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో నాకు ట్యూటరుగా ఉద్యోగం దొరికింది. అందులో సగం పని కాన్పులు చూడడం. మిగతా సగం, బస్తీల్లో కాన్పులు చేసే మంత్రసానులకు పాఠాలు చెప్పడం. మొదటి సగం నాకు వచ్చు. రెండో సగం కూడా వచ్చనే అనుకుని చేరాను.

మా పై అధికారిని అందరూ పెద్ద డాక్టరమ్మ అనేవారు. నేనూ అలాగే రాస్తాను. తరాలుగా హైదరాబాదులో ఉన్న కుటుంబం. ఆవిడ తెలుగులో మొదలుపెట్టి, ఉర్దూలో తిట్టి, ఇంగ్లీషులో ముగించేవారు. మధ్యాహ్నం భోజనం తర్వాత సరిగ్గా ఇరవై నిమిషాలు కుర్చీలోనే నిద్రపోయేవారు. ఆ ఇరవై నిమిషాల్లో కాన్పు వస్తే లేపాలి, మంత్రి వస్తే లేపకూడదు. ఈ ఒక్క నియమం చూసే ఆవిడ దగ్గర పనిచేయవచ్చని నాకు నమ్మకం కుదిరింది.

నరం అంటే ఏది

మొదటి తరగతికి పన్నెండు మంది మంత్రసానులు వచ్చారు. అందరిలోకీ పెద్దావిడ బాలమణి, గౌలిగూడ. యాభై దాటిన మనిషి. చేతులు పెద్దవి, గొంతు ఇంకా పెద్దది. గౌలిగూడ చుట్టుపక్కల గల్లీల్లో సగం మంది పిల్లల్ని ఈ లోకంలోకి లాగింది తనే అని చెప్పుకునేది. ఆ లాగడం మాన్పించడమే నా ఉద్యోగం.

బోర్డు మీద గర్భాశయం బొమ్మ వేసి, దాని కింది కొసను చూపించి, "ఇది గర్భాశయ ముఖద్వారం" అన్నాను.

"ఏ దర్వాజ అన్నవమ్మా?" అంది బాలమణి.

"దర్వాజా కాదండీ. ముఖద్వారం."

"ముఖమంటే పైన ఉంటది గదా. నువ్వు కింద చూపెడ్తున్నవ్."

పక్కనున్నావిడ సర్దిచెప్పింది. "గర్భసంచి మూతి అంటున్నది అక్కా. ఆళ్ళ దిక్కు గట్లంటరట."

మా దిక్కు మేమూ అలా అనం. పుస్తకంలో ఉన్నదాన్ని నేను అన్నాను, అంతే. అప్పటి నుంచి నేనూ మూతి అనే అన్నాను. నెలలు నిండేదాకా ఆ మూతి బిగించి ఉంటుందనీ, కాన్పుకు కొద్ది రోజుల ముందు నుంచి మెత్తబడుతుందనీ చెప్పాను. "దానంతటది మెత్తబడదు. అక్కడికి వచ్చే నరాలూ, రక్తనాళాలూ కలిసి దాన్ని తయారుచేస్తాయి" అన్నాను.

బాలమణి ముంజేయి చాపింది. దాని మీద నీలంగా ఉబ్బి ఉన్నవాటిని వేలితో చూపించింది. "నరాలంటే గివ్వే గదా."

"కాదండీ. అవి రక్తనాళాలు."

"మరి సూది నరానికి ఇచ్చిన్రు అంటరు?"

"అంటారు గానీ, ఇచ్చేది రక్తనాళానికే."

"మెడ నరం పట్టేసింది అంటరు?"

"అది చాలాసార్లు కండరం."

"గయితే అసలు నరం ఏది?"

"అది పైకి కనిపించదు. తెల్లటి దారంలా లోపల ఉంటుంది. ఒంట్లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కబురు మోస్తుంది."

బాలమణి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "కనబడేదాన్ని కాదంటవ్, కనబడనిదాన్ని ఔనంటవ్. చదువు మంచిగనే ఉన్నది" అంది.

సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టరమ్మ తలుపు దగ్గరికి వచ్చారు. "రాజ్యం, జర జల్దీ రా. ఐదో బెడ్డామెకు నరం దొరుకుతలేదు. సెలైన్ పెట్టాలె."

పన్నెండు మందీ నా వైపు చూశారు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నేను సుద్దముక్క కింద పెట్టి నరం వెతకడానికి వెళ్ళాను.

తర్వాత ఆలోచిస్తే వాళ్ళ తప్పేమీ కనిపించలేదు. మన భాషలో రెంటికీ ఒకటే మాట వాడుకుని, డాక్టర్లు కూడా అదే వాడుతుంటే, చదువుకోనివాళ్ళు తికమక పడ్డారని నవ్వడం న్యాయం కాదు. మీరు ఏ బస్తీలో పాఠం చెప్పినా, మీ మాటకు వాళ్ళ దగ్గర ఇంకో అర్థం ఉందేమో ముందు అడగండి. నేను అడగలేదు.

ఆ సాయంత్రం పెద్ద డాక్టరమ్మకు జరిగింది చెప్పాను. ఆవిడ మాత్రం బాగా నవ్వారు. "బోర్డు మీది బొమ్మతోని కాదు రాజ్యం. ఆళ్ళు చేతుల్తో పని చేసేటోళ్ళు. ముక్కు కొస పట్టుకోమను. మూతి గట్లున్నదంటే ఇంక టైమున్నదని. తర్వాత పెదవి పట్టుకోమను. గట్లయిందంటే తయారైనట్టు. సమజ్ అయితది."

మర్నాడు పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని ముక్కులు నొక్కుకుని, తర్వాత పెదాలు నొక్కుకుని, మళ్ళీ ముక్కులు నొక్కుకున్నారు. కిటికీలోంచి చూసిన మా చౌకీదారు, దుర్వాసన వస్తోందనుకుని, పెరట్లో మురికి కాలువ మీది బండ లేపి చూశాడు. ఎలుక చచ్చిందేమోనని గంటసేపు వెతికాడట.

ముక్కు, పెదవి బాగానే అర్థమయ్యాయి. చిక్కు ఏమిటంటే, ముక్కు పెదవిగా ఎలా మారుతుందన్నది ఎవరికీ బోధపడలేదు. ముక్కుగా ఉన్నప్పుడే నూనె రాసి, వేళ్ళు పెట్టి సాగదీస్తే పెదవి అవుతుందని బాలమణి అనుభవం. అలా సాగదీయించుకున్న బాలింతలు చిరిగిన మూతులతో, నెత్తురోడుతూ మా ఆసుపత్రికి వచ్చేవారు. అందుకే ఈ పాఠం నాకు అంత ముఖ్యమైంది. చేతికి దొరికే బొమ్మ ఒకటి కావాలనిపించింది. గర్భసంచి లాంటిది. మూతి ఉన్నది.

ఈశ్వరయ్య కొట్టు

ఆబిడ్స్ పెద్ద రోడ్డు వెనక గల్లీలో ఈశ్వరయ్య అనే దర్జీ ఉండేవాడు. నా యూనిఫారాలు ఆయనే కుట్టేవాడు. నేను "ఈశ్వరయ్యగారూ" అంటే తన వెనక ఇంకెవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూసేవాడు. ఆయన భార్య యాదమ్మ అదే కొట్టులో గడప పక్కన కూర్చుని కాజాలు కుట్టేది.

కుట్టవలసింది ఏమిటో మగమనిషికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. నర్సుని, పెళ్ళైనదాన్ని, అయినా రాలేదు. "ఒక సంచి కుట్టాలండీ" అన్నాను.

"అండ్ల ఏం పెడ్తరు?"

"బొమ్మ. చంటిపిల్లంత."

"తలకాయ పైకా, కిందికా?"

"కిందికి."

వింతగా చూశాడు గానీ రాసుకున్నాడు. కాగితం మీద నేను వేసిన బొమ్మ కూడా తీసుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత వెళితే చక్కటి సంచి చూపించాడు. లోపల పూల అస్తరు. పైన పట్టుకోవడానికి రెండు చెవులు. పక్కన చిన్న జేబు. "రుమాలు గిట్ల పెట్టుకోను" అన్నాడు. గర్భసంచికి రుమాలు జేబు ఇంతవరకూ ఎవరూ పెట్టి ఉండరు.

"చాలా బాగుందండీ. కానీ మూతి కిందికి ఉండాలి" అన్నాను.

"మూతి కిందికుంటే లోపలిది పడిపోతది గదమ్మా."

"పడిపోవాలి. కానీ టైమొచ్చినప్పుడే."

యాదమ్మ సూది ఆపి, నేనిచ్చిన కాగితం మొగుడి చేతిలోంచి లాక్కుని చూసింది. "నలుగురు పిల్లల తండ్రివి. గిది తెల్వదా నీకు" అని, అతన్ని దగ్గరికి పిలిచి చెవిలో ఏదో చెప్పింది.

ఈశ్వరయ్య కత్తెర తీసుకుని, చేతిలో గుడ్డ లేకుండానే కాసేపు ఉత్త గాలిని కత్తిరించాడు. తర్వాత మిషను నూనె డబ్బా కోసం వెతికాడు. అది ఎదురుగానే ఉంది. నా వైపు చూడలేదు. నేను లేచి వెళ్ళిపోదామనుకుంటుండగా, గోడ వైపు తిరిగి అడిగాడు.

"మూతి ఎంత గట్టిగ ఉండాలె?"

"తొమ్మిది నెలలు బరువు మోసినా తెరుచుకోకూడదు."

"మళ్ళ ఎంత తెరవాలె?"

"పిల్ల తల పట్టేంత."

"చినుగొద్దు."

"చినగకూడదు."

ఆయన అప్పుడు నా వైపు తిరిగాడు. ముఖంలో సిగ్గు పోయింది. పనివాడికి పని కష్టమని తెలిసినప్పుడు వచ్చే చూపు వచ్చింది. "గిట్లాంటి గుడ్డ లేదమ్మా" అన్నాడు. "గట్టిదైతే సాగది. సాగేదైతే బరువు ఆపది. రెండు ఒకటే గుడ్డల ఎట్ల వస్తయి?"

నర్సింగు చదివిన మూడేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నాకూ తట్టలేదు. నాకు తెలిసినంత వరకు చెప్పాను. ఆ మూతి చాలావరకు గట్టి నారలతో అల్లినట్టుంటుంది. నెలలు నిండేకొద్దీ అక్కడ రక్తనాళాలు పెరుగుతాయి, నెత్తురు ఎక్కువ వస్తుంది, దానితో పాటు నీరు చేరుతుంది. నారలు విడివడి వదులవుతాయి. నరాలు కూడా అందులో ఏదో పని చేస్తాయి, కానీ ఏమిటన్నది నా పుస్తకంలో రెండు వాక్యాలకు మించి లేదు.

"నీళ్ళు తగుల్తే బిరుసు పోతది" అన్నాడు ఈశ్వరయ్య. అంతే. వెనక్కి తిరిగి గుడ్డలు వెతకడం మొదలుపెట్టాడు. యాదమ్మ నన్ను పది రోజులు ఆగి రమ్మంది.

పది రోజుల తర్వాత వెళితే ఆయన చేసి పెట్టింది చూపించాడు. పలచటి మల్లు గుడ్డ ఆరు పొరలు. ఏటవాలుగా కత్తిరించాడు, అలా అయితేనే గుడ్డ సాగుతుంది. వాటిని కలిపి చిక్కటి గంజి పట్టించి ఎండబెట్టాడు. మూతి కొత్త కాలరులా బిరుసుగా ఉంది; లోపల బొమ్మను పెట్టి ఊపినా కదల్లేదు. పొరల మధ్య ఎర్రటి నూలు వత్తులు కుట్టి, వాటి కొసలు బయటికి వదిలాడు. అవి రక్తనాళాలు. కొసలు నీళ్ళ గిన్నెలో ముంచితే వత్తులు నీళ్ళు పీల్చి మూతికి తీసుకెళతాయి. గంజి నానుతుంది. పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. అప్పుడు మూతి సాగుతుంది. నరాలకు పసుపు పట్టుదారాలు వేశాడు. కబురు మోసేవని నేను చెప్పినందుకు, వాటి కొసలకు యాదమ్మ తన కూతురి పాత పట్టీల నుంచి గజ్జెలు తీసి కట్టింది. దారం లాగితే మోగుతాయి.

మొదటిసారి తడిపినప్పుడు వత్తుల ఎరుపు దిగి మూతంతా గులాబీ రంగైంది. ఈశ్వరయ్య సిగ్గుపడి మళ్ళీ కుడతానన్నాడు. నేను వద్దన్నాను. నెత్తురు పెరిగిన మూతి ఇంచుమించు అలాగే ఉంటుంది.

అరగంట పాఠం

ఆ బొమ్మతో ఒకటే ఇబ్బంది. వత్తుల కొసలు నీళ్ళలో ముంచాక, మూతి మెత్తబడడానికి అరగంట పైనే పట్టేది. దాన్ని తొందరపెట్టే ఉపాయం లేదు. మొదటిరోజు పన్నెండు మందీ గిన్నె చుట్టూ కూర్చుని పాలు పొంగుతాయేమోనని చూసినట్టు చూశారు. ఐదు నిమిషాలకే బాలమణి చెయ్యి పెట్టబోయింది. నేను ఆ చేతి మీద చిన్నగా కొట్టాను.

"ఊకె చూసుకుంట కూసోవాల్నా?" అంది.

"కూర్చోవాలి."

"అసలు కాన్పుల కూడా గిట్లనేనా?"

"అసలు కాన్పులో రోజులు పడుతుంది."

చాయ్ తెప్పించుకున్నారు. అత్తల గురించి మాట్లాడుకున్నారు, కోడళ్ళ గురించి ఇంకా ఎక్కువ మాట్లాడుకున్నారు. ఒకావిడ కునుకు తీసింది. చివరికి బాలమణి రెండు వేళ్ళతో మూతిని తడిమి, "గంజి పోయింది" అని మెల్లగా అంది. బొమ్మ తల కిందికి జారింది. గుడ్డ చినగలేదు. ఎవరూ లాగలేదు. ఆవిడ చాలాసేపు ఆ బొమ్మను చేతిలో పట్టుకుని కూర్చుంది. తర్వాత, ఎవరినీ చూడకుండా, "నేను మస్తు మందిని గుంజిన" అంది.

కొన్నాళ్ళకు పై ఆఫీసు నుంచి ఒక ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చాడు. మా శిక్షణ కొనసాగాలా, ఎత్తెయ్యాలా అన్నది ఆయన రాసే కాగితం మీద ఉంది. పెద్దమనిషే, కానీ ఆ రోజు ఇంకో మూడు చోట్లకు వెళ్ళాలట. బొమ్మ చూపించమన్నాడు. వత్తులు అప్పుడే నీళ్ళలో వేశానని, అరగంట పడుతుందని చెప్పాను.

"అరగంటా? నాకు పది నిమిషాలే ఉందమ్మా" అన్నాడు.

"అది పది నిమిషాల్లో కాదండీ."

"ఎందుక్కాదు" అని బొమ్మ తల పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాడు. పరపరమని చప్పుడు, దాంతో పాటు గజ్జెలన్నీ ఒక్కసారి ఘల్లుమన్నాయి. ఇన్‌స్పెక్టరు ఒక చేతిలో బొమ్మ, ఇంకో చేతిలో సగం గర్భసంచి పట్టుకుని నిలబడ్డాడు.

బాలమణి లేచింది. "పిల్ల మంచిగనే ఉన్నది సారు. తల్లి పోయింది" అంది.

పెద్ద డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగి దగ్గారు. ఆ దగ్గు చాలాసేపు తగ్గలేదు. ఇన్‌స్పెక్టరు పెద్దమనిషేనని చెప్పాను కదా. ఆ రెంటినీ బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. పది నిమిషాల మనిషి ముప్పావుగంట ఉండి పాఠమంతా విన్నాడు. శిక్షణ కొనసాగించాలని రాశాడని తర్వాత తెలిసింది. ఈశ్వరయ్య ఆ చిరుగును చూసి, "ఎవరు గుంజిన్రు?" అని అడిగాడు. చెప్పాను. "ఆఫీసర్లకు కొలతలు తీస్కునేటప్పుడు గూడ గింతే, నిలవడరు" అని మళ్ళీ కుట్టాడు.

మన వైపు వాళ్ళు

ఇంతవరకూ చదివి, ఓపిక గురించి ఈవిడకు అన్నీ తెలుసని మీరు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ ఏడే సుగుణ అనే అమ్మాయి మొదటి కాన్పుకు వచ్చింది. కాచిగూడలో కాపురం. వాళ్ళది మా తెనాలి పక్క ఊరు. ఆవిడ మామగారు వరండాలో పంచాంగం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. హైదరాబాదు వచ్చాక ఆసుపత్రిలో, బజారులో, ఇంటి ముందు అందరూ నా మాట విని ముసిముసిగా నవ్వేవారు. ఆయన నన్ను చూసి, "ఏవమ్మాయ్, మీది తెనాల్టగా? ఎవరి తాలూకు?" అనేసరికి నా ప్రాణం లేచివచ్చింది. రెండు రోజులు ఆయనతో వాళ్ళ ఊరి కబుర్లు చెప్పుకున్నాను. మూడోరోజు పొద్దున ఆయన పంచాంగం తెరిచి చూపించాడు.

"ఇవాళ సాయంత్రం దాటితే నక్షత్రం బాగోదమ్మాయ్. శాంతి చేయించాలి. ఎలాగూ నెలలు నిండాయి కదా. మన వైపు దానివి, సాయంత్రంలోగా కాన్పయ్యేట్టు నువ్వే చూడాలి."

పెద్ద డాక్టరమ్మ ఖైరతాబాదులో ఏదో మీటింగుకు వెళ్ళారు. ఫోను చేశాను. నెలలు నిండి నాలుగు రోజులు దాటిందనీ, సన్న నొప్పులు వచ్చిపోతున్నాయనీ చెప్పాను. "మూతి ఎట్లున్నది? మెత్తగైందా?" అని అడిగారు. చూసి చెబుతానన్నాను.

చూశాను. నా వేలికి తగిలింది ముక్కు కొస. కాదు, పూర్తిగా ముక్కు కాదు, కొంచెం మెత్తబడ్డట్టే ఉందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రోజు గదిలో శిక్షణ కోసం బాలమణి కూడా ఉంది. చేతులు కడిగించి ఆవిడనూ చూడమన్నాను. చూసింది.

"లేదు సిస్టరమ్మా. గంజి పోలే" అంది.

తలుపు అవతలే మామగారు ఉన్నాడు. నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. "నాలుగు రోజులు పాఠం విని నాకే చెబుతున్నావా? నోరు మూసుకుని నిలబడు" అన్నాను. అంతవరకూ ఆవిడను 'మీరు' అనేదాన్ని. ఆ ఒక్క మాటలో నా మర్యాద కూడా పోయింది. వెళ్ళి ఫోనులో, "మెత్తబడిందండీ" అన్నాను. పెద్ద డాక్టరమ్మ నా మాట నమ్మి, నొప్పులు తెప్పించే మందు సెలైన్లో కలిపి సన్నగా పెట్టమన్నారు.

నొప్పులు వచ్చాయి. బాగా వచ్చాయి. సుగుణ మంచం కమ్మి పట్టుకుని మధ్యాహ్నం దాకా మెలికలు తిరిగింది. మూతి మాత్రం పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. ఈశ్వరయ్య గుడ్డను ఇన్‌స్పెక్టరు లాగినట్టే నేనూ లాగుతున్నాను, కాకపోతే చేత్తో కాదు, మందుతో. మూడు గంటలకు బిడ్డ గుండె చప్పుడు మందగించినట్టు వినిపించింది. సెలైన్ ఆపేశాను. తర్వాత పది నిమిషాలు చెవి సుగుణ పొట్ట మీద పెట్టిన గొట్టానికి ఆనించి, నాకు తెలిసిన దేవుళ్ళందరినీ, తెలియనివాళ్ళను కూడా తలుచుకున్నాను. చప్పుడు మెల్లగా మామూలు దారిలో పడింది. బాలమణి ఆ సమయమంతా సుగుణ తల నిమురుతూ, "ఏం గాదు బిడ్డా, ఫికర్ చెయ్యకు" అంటూనే ఉంది. నా వైపు చూడలేదు.

పెద్ద డాక్టరమ్మ వచ్చి, పరీక్ష చేసి, చేతులు తుడుచుకుంటూ అడిగారు. "మెత్తగైందని ఎవరు చెప్పిన్రు?"

"నేనేనండీ."

"నీకు తెల్వకనా, తెల్సినా?"

"తెలిసేనండీ."

ఆవిడ ఉర్దూలో కూడా తిట్టలేదు. సుగుణకు నిద్రమందు ఇప్పించారు. మామగారి దగ్గరికి వెళ్ళి, "నీ పంచాంగంల ఈ పిల్ల గర్భసంచి రాసి లేదు సాబ్. ఇంటికి పో, అన్నం తిను" అన్నారు. నాతో మాత్రం రెండు రోజులు పనికి మించి మాట్లాడలేదు. తిట్టే అధికారి తిట్టకపోతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మూడోరోజు పొద్దున నొప్పులు వాటంతటవే మొదలయ్యాయి. మధ్యాహ్నం డాక్టరమ్మ కుర్చీలో కళ్ళు మూసుకోగానే, ఎప్పటిలాగే లేపవలసి వచ్చింది. మగపిల్లవాడు. చిరుగు లేదు, కుట్టు లేదు. మామగారు చెప్పిన చెడ్డ నక్షత్రం అప్పటికి వెళ్ళిపోయి, అంతకన్నా చెడ్డది నడుస్తోందట. మనవడి ముఖం చూశాక ఆయన బయటికి వెళ్ళి, గంటలో ఇంకో పంచాంగం సంపాదించుకొచ్చాడు. అందులో అంతా బాగానే ఉంది.

గౌలిగూడలో

బాలమణి తరగతికి రావడం మానేసింది. మూడు రోజులు చూశాను. నాలుగోరోజు, తరగతి అయ్యాక, అడ్రసు కనుక్కుని గౌలిగూడ వెళ్ళాను. బస్టాండు వెనక గల్లీలో అడుగడుగునా అడుగుతూ పోయాను. అందరికీ ఆవిడ తెలుసు. ఏమని క్షమాపణ అడగాలో దారిపొడుగునా మనసులో అనుకుంటూ నడిచాను. "నాది తప్పండీ" అనాలా, "నన్ను మన్నించండి" అనాలా తేలలేదు.

ఇంటి ముందు అరుగు మీద ఆ గల్లీ కోడళ్ళు ఏడెనిమిది మంది కూర్చున్నారు. ముగ్గురికి నెలలు నిండినట్టున్నాయి. వాళ్ళ మధ్య నుంచి ఒక గొంతు వినిపిస్తోంది. అది నా గొంతు.

"ఇప్పుడూ, మనం ఏం చేస్తామంటేనండీ, ఊరికే కూర్చుంటామండీ. చెయ్యి పెట్టామనుకోండీ, సిస్టరుగారు చేతి మీద కొడతారండీ."

కోడళ్ళు విరగబడి నవ్వుతున్నారు. బాలమణి చీర కొంగు నాలాగే భుజం మీద పిన్నుతో గుచ్చుకుని, ఒక చేత్తో చంకలో మనవణ్ణి ఎత్తుకుని, ఇంకో చేత్తో గాలిలో సుద్దముక్క పట్టుకున్నట్టు పట్టుకుని పాఠం చెబుతోంది. నేను మాటమాటకీ కళ్ళజోడు సర్దుకుంటానని నాకు అంతవరకూ తెలియదు.

నన్ను చూసి ఆపలేదు. "రాండ్రి సిస్టరమ్మా" అంది, మళ్ళీ తన గొంతుతో.

"మీరు రావడం లేదు. నా మీద కోపం వచ్చిందని..." అని మొదలుపెట్టాను.

"కోపమేంది? కోడలు పుట్టింటికి పోయింది. పోరణ్ణి ఎవరు పడ్తరు?" అంది. "నువ్వు తిడ్తే నేను మాన్తనా అమ్మా. మా అత్త తిట్లు నువ్వు వినలే."

"అయినా నాదే తప్పండీ. మీ వేలికి తెలిసింది నా వేలికీ తెలిసింది. నేనే అబద్ధం చెప్పాను."

ఆ మాటకు కోడళ్ళ నవ్వు ఆగింది. బాలమణి మనవణ్ణి చంక మార్చుకుంది. "ఔ, చెప్పినవ్" అంది. పరవాలేదనలేదు. ఆ అరుగు మీద కాస్త చోటు చూపించి, "కూసోండ్రి. ఇంక అయిపోలే" అంది.

కూర్చున్నాను. ఆవిడ పాఠం కొనసాగించింది. నొప్పులు మొదలుకాకముందే లోపల పని మొదలవుతుందని, అది మనకు కనబడదని, నెత్తురు నీళ్ళు తెచ్చి మూతిని నానబెడుతుందని, నరం కబురు మోస్తుందని, ఎవరైనా నూనె చేత్తో సాగదీస్తామంటే ఆ చెయ్యి విరగ్గొట్టమని చెప్పింది. చివరి మాట నేను నేర్పింది కాదు.

అప్పుడు అరుగు చివర కూర్చున్న ఒక నెలలు నిండిన పిల్ల అడిగింది. "అత్తా, మొదలు ఎవరు? నరం పిలుస్తే నెత్తురొస్తదా, నెత్తురొస్తే నరం లేస్తదా?"

బాలమణి నా వైపు తిరిగింది. అందరూ తిరిగారు. నేను కళ్ళజోడు సర్దుకోబోయి, చెయ్యి దించేశాను. పుస్తకంలో ఉన్న ఆ రెండు వాక్యాలూ గుర్తు తెచ్చుకున్నాను. వాటిలో జవాబు లేదు. ఇప్పటి పిల్లలకు నాకన్నా ఎక్కువ తెలిసే ఉంటుంది. అప్పటికి నాకు తెలిసింది అంతే. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఎవరికీ తెలియదు కూడా.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

ట్యూటరునయ్యాక తరగతిలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

బాలమణి ఆ పిల్ల వైపు తిరిగింది. "విన్నవా, సిస్టరమ్మకే తెల్వదట" అంది. ఆ గొంతులో వెక్కిరింత లేదు. "మనకసలే తెల్వది. గందుకే మనం ఆగుడు."